ఓదెలు లోపలే ఉన్నారు

చిట్టా 1. సోమవారం

మేం ఎండకు దాక్కుని బతికే ఈ పాత బొగ్గుబాయి తలుపులు నడిపే గడప యాప్‌కు ఈ రోజు తాళం అతికించాను. ఇన్నాళ్లూ దానికి వచ్చే మనిషి ఎవరైనా ఒకటే. తలుపు పక్కన పచ్చ బటన్ నొక్కితే తెరుచుకునేది. నీళ్ల గది, వంటశాల, మందుల గది, చివరికి పైకి పోయే ఇనుప తలుపు కూడా అంతే. ఇకమీదట ప్రతి తలుపూ "ఎవరు?" అని అడుగుతుంది. గొంతు గుర్తుపడితేనే తెరుస్తుంది.

ఇది కమిటీ నిర్ణయం. చైర్మన్ పోశాలు కాక మీటింగులో బల్ల గుద్ది చెప్పాడు, "మనోళ్లకే తెరుసుకోవాలె, మందికి తెరుసుకోవద్దు" అని. మంది అంటే పరాయివాళ్లు. ఎవరో చెప్పలేదు గానీ అందరూ భాగ్య వైపు చూశారు. కిందటి నెల అవతలి గుట్ట బాయి నుంచి ఎండలో నడిచి వచ్చిందామె. అరికాళ్లు బొబ్బలెక్కి, ఎలాగో పచ్చ బటన్ నొక్కి, లోపలికి వచ్చి పడిపోయింది. వాళ్ల బాయిలో ఊట ఆగిపోయిందట. ఒక్కతి వచ్చిందంటే వెనక ఊరంతా వస్తుందని కమిటీ భయం. మా ఆయన ఓదెలు ఆమెను పైన సోలార్ పలకలు తుడిచే తన పనిలో చేర్చుకున్నాడు. మా వంటింట్లో ఒక మూల పడుకుంటోంది. నాకు అది అంత ఇష్టం లేదు. ఈ చిట్టా చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

తాళం నేను సొంతంగా రాయలేదు. పాత డిస్కులో 'ఆనవాలు' అనే లైబ్రరీ దొరికింది. మా అత్తమ్మ రాజవ్వ విని, "లైబ్రరీ అంటే పుస్తకాలుంటయ్ గదనే" అంది. పుస్తకాలు కాదు అత్తమ్మా, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పనిని తెచ్చుకుని మన పనికి అతికించుకోవడం అని చెప్పాను. "ఎరువు దెచ్చినవన్నట్టు" అంది. అంతే మరి, అరువు తెచ్చుకోవడమే.

అతికించడం తేలికే. పై వరుసలో లైబ్రరీని పిలవాలి, ఏయే తలుపులకు కాపలా కావాలో చెప్పాలి, తలుపు తెరిచే ముందు ఒక ప్రశ్న దూర్చాలి. ఆ తర్వాత పనంతా అదే చూసుకుంటుంది. మనం పేరు చెప్పగానే గొంతును ఆన్‌లైన్లో సర్వరుకు పంపి పోల్చుకుంటుంది. సరిపోతే సెషన్ తెరుస్తుంది, అంటే మనిషి లోపల ఉన్నట్టు రాసుకుంటుంది. పోతున్నానని నోటితో చెబితే సెషన్ మూసేస్తుంది. దీనికి సంకేతపదాలు, కార్డులు ఏమీ అక్కర్లేదు. మాట వింటుంది, మాటకు అర్థం కూడా తెలుసుకుంటుంది. దాన్ని రాసినవాళ్లు ఆ సంగతి సూచనల్లో నాలుగుచోట్ల గొప్పగా చెప్పుకున్నారు. మిగతా సూచనలు సగానికి పైగా చెడిపోయాయి, నేను వాటి జోలికి పోలేదు.

కమిటీ ఇంకో నియమం అడిగింది. బయటి తలుపు దగ్గర ఒక పేరు మీద ఒకేసారి ఒక్క మనిషే ఉండాలి. లోపల ఉన్నవాళ్ల గొంతు అనుకరించి బయటివాళ్లు దూరకూడదని. లైబ్రరీలో ఆ ఏర్పాటు ముందే ఉంది, నేను 'అవును' అని పెట్టాను. పరీక్షించి చూశాను. "వినోద" అన్నాను, తెరిచింది. "పోతున్న" అన్నాను, మూసింది. ఎన్నిసార్లు చేసినా తప్పు పోలేదు. నా భుజం నేనే తట్టుకుని ఇంటికి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.

చిట్టా 2. బుధవారం

గొంతులు ఎక్కించే పని మొదలుపెట్టాను. వంటశాలలో మైకు పెట్టి ఒక్కొక్కరినీ రమ్మన్నాను. మైకు "ఎవరు?" అంటుంది, వీళ్లు పేరు చెప్పాలి. చంటిపిల్లలు కూడా చేయగల పని.

మొదట ఫిట్టర్ మల్లేశం వచ్చాడు. మైకు "ఎవరు?" అంది. "నేనే" అన్నాడు. పేరు చెప్పు మల్లేశం అంటే, "నేనేనక్కా, నా గొంతు ఎర్కలేదా దానికి" అని మైకు మీద అలిగాడు. ఆ వెనక వచ్చినవాళ్లందరిదీ అదే వరస. తలుపు అవతల నుంచి ఎవరని అడిగితే పేరు చెప్పే అలవాటు మా బాయిలో ఎవరికీ లేదు. గొంతు వింటే తెలియదా అని మా ధీమా. అంత బల్ల గుద్దిన పోశాలు కాక కూడా గొంతు సవరించుకుని, నిలబడి, "నేనే" అన్నాడు. మా అత్తమ్మ అయితే "నేనేరా" అంది. నేను కూడా మొన్న ఇంట్లో మైకు సరిచూసేటప్పుడు అదే అన్నానని తర్వాత రికార్డింగులో విని సిగ్గుపడ్డాను.

అందరినీ మళ్లీ వరసలో నిలబెట్టి పేర్లు చెప్పించేసరికి నా ఓపిక అయిపోయింది. సాయంత్రం సర్వరులో చూస్తే ఏముంది, లైబ్రరీకి హాస్యం తెలియదు కదా, 'నేనే' అనే పేరుగల మనిషి కూడా ఒకరున్నారని రాసుకుంది. బాయిలో ఉన్న గొంతులన్నీ ఆ ఒక్కరివేనని నమ్మింది. కడుపుబ్బ నవ్వి ఓదెలును పిలిచి చూపించాను. అతనూ నవ్వాడు. నవ్వితే దగ్గు వస్తుంది అతనికి, పలకల మీది దుమ్ము పట్టిన దగ్గు. "మంచిగుంది. అందరం ఒక్కటేనని దానికన్న తెలిసింది" అన్నాడు. ఆ పేరు తీసేయాలి. అది ఎవరికీ అడ్డం రాదు కాబట్టి తర్వాత తీద్దామని వదిలేశాను.

పేరు తర్వాత మైకు "మీ ఇంటివారు ఎవరు?" అని కూడా అడుగుతుంది. భాగ్య తలవంచుకుని మా అత్తమ్మ పేరు చెప్పింది. రాజవ్వ వినపడనట్టే ఊరుకుంది. కాదని కూడా అనలేదు.

చిట్టా 3. శనివారం

లోపలి తలుపులన్నిటికీ తాళం నడుస్తోంది. బయటి ఇనుప తలుపు ఒక్కటి ఇంకా పాత బటన్ మీదే ఉంది. జనానికి కొత్త మోజు. ముసలమ్మలకైతే మరీ, ఎందుకంటే ఆనవాలు అందరినీ గారు అంటుంది. గట్టమ్మ నీళ్ల గదికి పొద్దున్నే పోయి "గట్టమ్మ గారూ, నీళ్లు పట్టుకోండి" అనిపించుకుని, బిందె నింపుకుని, "పోయొస్త బిడ్డా" అని దానికి చెప్పి మరీ వస్తోంది. "పుట్టినకాన్నుంచి నన్ను గారు అన్నోళ్లు లేరే" అని నాతో అంది. నాకు సంతోషమేసింది.

చిన్న చిక్కు ఒకటి కనిపించింది. వంటశాల ఖాళీ అయినా లైట్లు ఆరడం లేదు. లోపల మనుషులు ఉన్నారు అంటోంది యాప్. పోయి చూస్తే గిన్నెలు తప్ప ఏమీ లేవు. అరిచి పిలిస్తే నా గొంతే గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. ఎక్కడో లెక్క తప్పుతోంది. లైట్లు చేత్తో ఆర్పి వచ్చాను.

చిట్టా 4. మంగళవారం

గట్టమ్మ పోయింది. నిద్రలోనే పోయిందట. కూతురు సరోజన చాయ్ తీసుకుని లేపబోతే చేయి చల్లగా తగిలింది. నిన్న బొగ్గు తీసిన చివరి గ్యాలరీ సొరంగంలో మట్టి చేశాము.

ఈ రోజు పొద్దున నీళ్ల గదిలో నేను బిందె పెట్టుకుని నిలుచున్నాను. గట్టమ్మ రోజూ వచ్చే వేళకు, ఎవరూ అడక్కుండానే, "గట్టమ్మ గారూ, నీళ్లు పట్టుకోండి" అంది గది. పక్క పంపు తెరుచుకుని ఒక బిందెడు నీళ్లు నేల మీద పోసి ఆగింది. ఎవరో బిందె వదిలేసి బయటికి పరుగెత్తారు.

చూస్తే గట్టమ్మ సెషన్ తెరిచే ఉంది. చనిపోయిన మనిషి పోతున్నానని చెప్పదు కదా, అందుకే మూసుకోలేదు అనుకున్నాను. మూయడానికి దారి ఏమిటని మిగిలిన సూచనలు తిరగేశాను. ఇంకొకరి సెషన్ నేను మూయలేను, ఎవరూ మూయలేరు. ఇంటివాళ్లే మైకు ముందు నిలబడి, ఆ మనిషి పోయిందని, మళ్లీ రాదని చెప్పాలి. చెబితే గొంతు కూడా చెరిపేస్తుంది.

సరోజనను తీసుకొచ్చాను. మైకు అడిగింది, "గట్టమ్మ గారు మళ్లీ వస్తారా?" అని. రెండక్షరాలు చెబితే పనైపోయేది. సరోజన నా చేయి పట్టుకుంది. "అక్కా, నా నోటితోని ఎట్లంట. ఉండనీయ్ అక్కా. పొద్దుగాల ఒక్కపారి అవ్వ పేరు ఇనపడుతది" అంది. నీళ్లు వృథా అవుతాయి గానీ నేనూ బలవంతం చేయలేదు. ఆ పంపు కింద తనే బిందె పెడతానంది. నీళ్ల గదిలో ఒక బెంచీ ఉంది, ఆ వేళకు వచ్చి దాని మీద కూర్చుంటుందట.

చిట్టా 5. గురువారం

రేపటి నుంచి బయటి తలుపుకూ తాళం. నేను వారం గడువు అడిగాను, పోశాలు కాక ఇవ్వలేదు. గుట్ట మీద దూరంగా మనుషుల్లాంటివి కదిలాయని ఎవరో చెప్పారట. మల్లేశం చేత పచ్చ బటన్ వైరు గోడ లోపలే తెంపించాడు. వైరు తెంపుతుంటే మల్లేశం ముఖం బాగాలేదు.

బయటి తలుపు సంగతి కొంచెం రాయాలి. రెండు ఇనుప తలుపుల మధ్య ఒక చిన్న గది ఉంది, ఒక్క మనిషి పట్టేంత. బయటి తలుపు తెరుచుకుంటే వేడి లోపలికి దూరుతుంది. అది మూసుకుని, ఆ గది చల్లారాక గానీ లోపలి తలుపు తెరుచుకోదు. అన్నం ఉడికేంత సేపు పడుతుంది. వెనకే ఇంకొకరు దూరకుండా గది నేల బరువు కూడా చూస్తుంది. బయట గోడకు ఒక మైకు ఉంది. దానికి రావడమే తెలుసు, పోవడం చెప్పాలంటే లోపలి మైకుకే చెప్పాలి.

నేనే పరీక్షించాను. లోపలి మైకు ముందు నిలబడి "పోతున్న" అన్నాను. గదిలోకి పోయి, బయట అడుగు పెట్టి, ఒళ్లు చుర్రుమనగానే "వినోద" అని పేరు చెప్పి వెనక్కి వచ్చాను. బ్రహ్మాండంగా పనిచేసింది. రాజవ్వ మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంది. "గడపల నిలవడి గదేం మాటనే, పోతున్నననుడు" అంది. పరీక్ష అత్తమ్మా, నిజంగా పోవడం కాదు కదా అన్నాను. "ఎందుకన్నగానీ" అని లేచి పోయింది.

చిట్టా 6. శుక్రవారం, పొద్దున

ఓదెలు, భాగ్య పైకి పోయారు. నిన్న గాలిదుమ్ము బాగా లేచింది, పలకలు తుడవకపోతే మా లైట్లు, ఫ్యాన్లు నడవవు. సూర్యుడు గుట్ట దాటేలోపు దిగిరావాలి. మా తాతల కాలంలో ఈ బాయిలోకి దిగేవాళ్ల కోసం ఇళ్లల్లో భయపడేవారట. మాకు ఎక్కేవాళ్ల కోసం భయం.

తలుపు దగ్గర ఓదెలు తన అలవాటు ప్రకారం నన్ను ఆటపట్టించాడు. మైకు ముందు చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడి "నేను పోతున్న" అన్నాడు. రాజవ్వ గుండె మీద చేయి వేసుకుంది. నాకూ ఒళ్లు మండింది. "పొద్దుపొద్దుగాల ఏం మాటలవి. పోయొస్త అను" అన్నాను. అతను నవ్వి, దగ్గి, "సరే తియ్యి. పోయొస్త అవ్వా. పోయొస్తనే" అన్నాడు. భాగ్య కూడా "పోయొస్త వదినె" అంది. ఆనవాలు ఒక్క క్షణం ఆగి, "సరే" అంది.

ఇప్పుడు బియ్యం కడుగుతూ ఇది రాస్తున్నాను. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగిందో చూడాలి.

చిట్టా 7. శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తలుపు దగ్గర నుంచి మల్లేశం పరుగెత్తుకొచ్చాడు. నేను పోయేసరికి స్పీకర్లో ఓదెలు గొంతు వినిపిస్తోంది. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "వినోదా, ఇదేందే, నేను లోపల్నే ఉన్ననట."

మైకు "ఎవరు?" అంది. "ఓదెలు" అన్నాడు. "ఓదెలు లోపలే ఉన్నారు. మీరెవరు?" అంది. భాగ్య తన పేరు చెప్పింది. "భాగ్య లోపలే ఉన్నారు. మీరెవరు?" అంది. ఎంతో మర్యాదగా అంటోంది.

అప్పుడు నాకు అంతా ఒక్కసారిగా తెలిసింది. వంటశాల ఎందుకు ఖాళీ కాలేదో, గట్టమ్మ నీళ్ల గదిలోనే ఎందుకు ఉండిపోయిందో. ఆ లైబ్రరీ రాసిన మహానుభావులు మాటకు అర్థం చెప్పించారు. పోతున్న అంటే పోవడం. పోయొస్త అంటే పోయి వస్తానని, అంటే మనిషి ఇక్కడే ఉన్నట్టు, కాస్త పక్కకు తప్పుకున్నట్టు. మా బాయిలో గడప దాటేటప్పుడు పోతున్నానని చెప్పే మనిషి లేడు. పరీక్షలో నేనొక్కదాన్నే అన్నాను, నాది పరీక్ష కాబట్టి. ఓదెలు కూడా ఈ రోజు పొద్దున సరైన మాటే అన్నాడు. దాన్ని మార్పించింది నేను. ఒక్క క్షణం ఆగి ఆనవాలు అతన్ని మళ్లీ లోపల ఉన్నట్టు రాసుకుంది.

నియమం తీసేయడానికి కూర్చున్నాను. తీస్తే సర్వరు మళ్లీ మొదటి నుంచి అందరి గొంతులూ చదువుకోవాలి, అంతవరకూ ఏ తలుపూ కదలదు. మధ్యాహ్నం దాకా పడుతుంది. మల్లేశం గోడ పగలగొట్టి తెగిన వైరు కొస కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఎండ గుట్ట దాటిందని భాగ్య స్పీకర్లో చెప్పింది.

పోశాలు కాక వచ్చి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. "లోపల్నే ఉన్నడని సూపెడుతున్నది గద. మరి బయట ఉన్నదెవలు?" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. మనిషి గొంతు వినిపిస్తుంటే, ఆ గొంతుతో ముప్పై ఏళ్లుగా కలిసి తిరిగినవాడు, తెర మీది అక్షరాన్ని నమ్ముతున్నాడు. రాజవ్వ అతని ముందుకు వచ్చి నిలబడింది. "నా కొడుకు దగ్గు నాకెర్క లేదారా పోశాలూ? నువ్వు జెర పక్కకు జరుగు" అంది. అతను జరిగాడు.

ఓదెలు ఇప్పుడు నవ్వడం లేదు. "వినోదా, నీడ లేదే ఇక్కడ. గోడ కాలుతున్నది" అన్నాడు.

'నేనే' అన్న పేరు అప్పుడు గుర్తొచ్చింది. నేను తీసేయకుండా వదిలేసిన పేరు. అందరి గొంతులూ ఉన్న పేరు, ఎప్పుడూ లోపలికి రాని మనిషి. స్పీకర్ దగ్గరికి పరుగెత్తాను. "ఇగో, ఇను. పేరు చెప్పకు. ఎవరు అంటె నేనే అను. తెరుసుకుంటది. ఒక్కలే రావాలె, నువ్వు ముందు రా. నువ్వొచ్చినంక లోపల్నుంచి ఆ పేరు నేను మూసేస్త, అప్పుడు భాగ్య కూడ నేనే అని వస్తది."

దగ్గు వినిపించింది. "ఈ పిల్ల నిలవడతలేదు. కండ్లు తేలేస్తున్నది. ముందు ఈమెను పంపుత" అన్నాడు.

"వద్దు. నువ్వు రా ముందు" అన్నాను. గట్టిగా అరిచాను. బాయి అంతా వినేలా అరిచాను.

"ఎవరు?" అంది తలుపు. "నేనే" అంది ఒక ఆడ గొంతు, గాలిలా.

ఆ గొంతు వినగానే నాకు కోపం వచ్చింది. భాగ్య మీద, ఆమె బతికి వచ్చిన రోజు మీద, పచ్చ బటన్ మీద. అది రాయకపోతే ఈ చిట్టా అబద్ధమవుతుంది. బయటి తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది. ఆ గది చల్లారడం మొదలైంది. అన్నం ఉడికేంత సేపు నేను మైకు మీద చేయి పెట్టుకుని నిలుచున్నాను. స్పీకర్లో ఓదెలు ఊపిరి వినిపిస్తోంది. నేను ఏవేవో చెబుతూనే ఉన్నాను. బియ్యం కడిగి పెట్టానని, నీళ్లు తోడి పెట్టానని. అతను మొదట్లో ఊ కొట్టాడు.

లోపలి తలుపు తెరుచుకుంది. భాగ్య మోకాళ్ల మీద పడింది. నేను ఆమెను దాటుకుని మైకు దగ్గరికి పోయాను. 'నేనే' గొంతుల్లో నా గొంతూ ఉంది కదా. రాజవ్వ నా పక్కనే ఉంది. గడప ముందు నిలబడి, నా మొగుడు అవతల ఉండగా, ఎవరంటే "నేనే" అని చెప్పి, "నేను పోతున్న" అన్నాను. రాజవ్వ ఏమీ అనలేదు.

"సరే" అంది ఆనవాలు. బయట "ఎవరు?" అని అడిగింది.

జవాబు రాలేదు.

"ఎవరు?" అంది మళ్లీ. రాజవ్వ స్పీకర్‌కు నోరు ఆనించింది. కొడుకు చిన్నప్పుడు ఆడుకుని ఆలస్యంగా వచ్చి తలుపు కొడితే ఎలా అడిగేదో అలాగే అడిగింది. "ఎవర్రా? ఎవర్రా బయట? పలుకు కొడుకా, ఎవర్రా?"

మల్లేశం సమ్మెట అక్కడ పడేసి మైకు ముందుకు వచ్చాడు. "నేను పోతున్న" అని స్పష్టంగా చెప్పి, తడిగుడ్డ తలకు చుట్టుకుని బయటికి పోయాడు. ఓదెలును ఎత్తి ఆ గదిలో పడుకోబెట్టి, అతని బదులు తనే మైకుకు "నేనే" అని చెప్పాడు. తలుపు నమ్మింది. మళ్లీ అన్నం ఉడికేంత సేపు ఆగాము.

తెరుచుకునేసరికి అతని చేయి ఇంకా వేడిగానే ఉంది. ఎండ వేడి అది.

చిట్టా 8. మంగళవారం

మట్టి చేశాము. గట్టమ్మ పక్కన.

బయటి తలుపు నుంచి తాళం తీసేశాను. కమిటీని అడగలేదు. ఆ రోజు ఓదెలు వెనకే తన పేరు చెప్పి లోపలికి వచ్చిన మల్లేశం, నేను కలిసి పచ్చ బటన్ వైరు అతికించాము. ఇప్పుడు ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది. అడ్డం చెప్పడానికి ఎవరూ రాలేదు.

పోశాలు కాక ఈ రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే గడప బయటే నిలబడ్డాడు. బల్ల గుద్దే మనిషి కాడు ఇప్పుడు. "బిడ్డా, నాకు నోరు రాక రాక చెప్తున్న. నీళ్ల గదిల వాని పేరట్లనే ఉన్నది. రోజూ పోస్తున్నది. ఊట తగ్గుతున్నది, నీకు తెల్వంది కాదు. ఇంటోళ్లు చెప్తెనే పోతదట గద" అన్నాడు. న్యాయమే. లోపల ఉన్నవాళ్ల లెక్క ఇలాగే వదిలేస్తే పెరుగుతుందే కానీ తగ్గదు. పోయొస్తానని చెప్పి పోయినవాళ్లందరికీ ఈ బాయి నీళ్లు పోస్తూనే ఉంటుంది.

ముగ్గురం పోయాము, రాజవ్వ, నేను, భాగ్య. భాగ్య చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. శుక్రవారం నుంచి ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. దారిలో రాజవ్వ కాలు జారితే ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాము.

"ఎవరు?" అంది మైకు.

"వినోద."

"ఎవరి గురించి?"

"ఓదెలు."

"ఓదెలు గారు పోయారా?"

"పోయిండు" అన్నాను. అది అనగలిగాను. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మళ్లీ వస్తారా?"

రాడు అనాలి. ఇంతకన్నా కష్టమైన మాటలు జీవితంలో చాలానే అన్నాను. ఆ పొద్దున మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడి అతను నవ్విన నవ్వు కళ్ల ముందుకు వచ్చింది. పోయొస్త అను అని నేనే కదా అన్నాను. నా మాట విని, నా కోసం, ఆ మాట అనే పోయాడు.

"వస్తడు" అన్నాను.

"సరే" అంది ఆనవాలు. "ఓదెలు గారు లోపలే ఉన్నారు."

పోశాలు కాక నేల చూసుకుంటూ వెళ్లిపోయాడు. భాగ్య మొదటిసారి నోరు తెరిచి, "మా అవతలి బాయిల గూడ పోయొస్తననే అంటం వదినె" అంది. ఏడుపు వచ్చింది నాకు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

చిట్టా 9. బుధవారం

పొద్దున నీళ్ల గదికి పోయాను. సరోజన అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. "గట్టమ్మ గారూ, నీళ్లు పట్టుకోండి" అంది గది. నీళ్లు నిన్నటి కన్నా సన్నగా వచ్చాయి, బిందె సగమే నిండింది. సరోజన కళ్లు మూసుకుని వింది.

కాసేపటికి రెండో పంపు తెరుచుకుంది. "ఓదెలు గారూ, నీళ్లు పట్టుకోండి."

నేను బిందె పెట్టాను. సరోజన కొంచెం పక్కకు జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చింది.